పాతకాలపు ఇంగ్లండ్ పల్లె వీధిని పెన్సిల్‌తో గీయడం ఎలా

ముందు ఫోన్‌లో ఒక ఫొటో వెతుక్కోండి. ఇంగ్లండ్‌లో విల్ట్‌షైర్ అనే ప్రాంతంలో లేకాక్ అని ఒక ఊరుంది. ఆ పేరు పక్కన విలేజ్ స్ట్రీట్ అని కొడితే బోలెడు ఫొటోలు వస్తాయి. ఆ ఊరినే పట్టుకోమనడానికి కారణం ఉంది. 1944లో ఊళ్లో ఇళ్లు చాలావరకు నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతికి వచ్చాయి. కరెంటు తీగలు, టీవీ యాంటెన్నాలు వీధిలో కనపడకుండా జాగ్రత్తపడ్డారు. ఇళ్లలో ఎక్కువ భాగం పద్దెనిమిదో శతాబ్దం నాటివో, అంతకంటే పాతవో. 1830లో ఎవరైనా చిత్రకారుడు మడత స్టూలు వేసుకుని ఆ వీధి చివర కూర్చుని ఉంటే అతనికి ఏం కనపడి ఉండేదో, పార్క్ చేసిన కార్లు తీసేస్తే, దాదాపు అదే మీకూ కనిపిస్తుంది.

ఇంకో కారణం నా సరదా కోసం. ఆ ఊరి చివర ఉన్న పెద్ద బంగళా లేకాక్ ఆబీ. అందులో హెన్రీ ఫాక్స్ టాల్బట్ అనే పెద్దమనిషి ఉండేవాడు. ఆయనకు బొమ్మలు వేయాలని మహా కోరిక, చెయ్యి మాత్రం తిరగదు. 1833లో ఇటలీలోని కోమో సరస్సు దగ్గర, దృశ్యాన్ని కాగితం మీద పడేసినట్టు చూపించే కెమెరా ల్యూసిడా అనే గాజు పరికరం పెట్టుకుని కూడా గీయలేక విసిగిపోయాడు. ఆ దృశ్యం తనంతట తానే కాగితం మీద అచ్చుపడితే బాగుండును అనుకున్నాడు. రెండేళ్లు తిరిగేసరికి, 1835లో, తన ఇంటి కిటికీని తపాలా బిళ్లంత కాగితం మీద ఫొటో నెగటివ్‌గా పట్టేశాడు. చెయ్యి తిరగని మనిషి వల్ల మనకు కాగితం ఫొటో వచ్చింది. మనం ఆ ఫొటో ముందు పెట్టుకుని తిరిగి పెన్సిల్ దగ్గరికి వెళ్తున్నాం.

ఏ పద్ధతిలో గీయబోతున్నాం

పందొమ్మిదో శతాబ్దపు మొదటి సగంలో ఇంగ్లండ్‌లో పెన్సిల్ బొమ్మ చాలా మామూలు విషయం. చిత్రకారులే కాదు, పాదిరీలు, పెద్దింటి ఆడపిల్లలు, సైనికాధికారులు అందరూ గీసేవారు. పల్లె దృశ్యాలు గీసిన ఇంగ్లీషు చిత్రకారుడు జాన్ కాన్‌స్టబుల్ 1813లో, 1814లో జేబులో పెట్టుకు తిరిగిన రెండు చిన్న స్కెచ్‌బుక్కులు ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. మొదటి దానిలో పేజీ సుమారు 9 సెంటీమీటర్లు, 12 సెంటీమీటర్లు. మన పోస్టుకార్డు కంటే చిన్నది. అంతలోనే చర్చి, పొలం, చెట్లు, ఊరు అన్నీ పట్టాయి.

ఆ కాలపు వీధి బొమ్మల్ని కాసేపు చూస్తే ఒకటి అర్థమవుతుంది. చాలావాటిలో సగం కాగితం ఖాళీ. ఆకాశం ఖాళీ, రోడ్డు ఖాళీ, ఎండ పడిన గోడ ఖాళీ. గీసినదంతా చూర్ల కింద, కిటికీల్లో, చెట్ల మొదళ్లలో ఉంటుంది. మనకు బడిలో సీనరీ వేయమంటే రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, గుడిసె, కొబ్బరిచెట్టు వేసి, ఒక్క అంగుళం తెలుపు మిగలకుండా నింపితేనే పది మార్కులు. ఆ అలవాటు ఈ బొమ్మకు పనికిరాదు. వీధి ప్రశాంతంగా కనపడేది మీరు వదిలేసిన చోటే.

సామాను

కాగితం: 150 జీఎస్ఎం (చదరపు మీటరుకు 150 గ్రాముల బరువు) కార్ట్రిడ్జ్ పేపర్, అంటే డ్రాయింగ్ కాగితం, చాలు, అది కూడా నున్నటిది. వాటర్‌కలర్ కోసం అమ్మే గరుకు కాగితం వద్దు, చిన్న కిటికీలు చెదిరిపోతాయి. తళతళలాడే తెలుపు కంటే కాస్త మీగడ రంగు తిరిగినది దొరికితే మంచిది. ఆ రోజుల్లో మోజుపడి కొనుక్కునే కాగితం కెంట్ ప్రాంతంలో తయారయ్యే వాట్‌మన్ కాగితం. వెలుతురుకెత్తి చూస్తే లోపల పేరు, చాలాసార్లు సంవత్సరం కూడా కనిపించేవి. మనకు అంత అవసరం లేదు. సైజు ఏ5, అంటే ఏ4 కాగితాన్ని మధ్యకు చింపితే వచ్చేది. పెద్ద కాగితం తీసుకుంటే నింపాలనే టెన్షన్ మొదలవుతుంది.

పెన్సిళ్లు: హెచ్, హెచ్‌బీ, 2బీ, 4బీ. ఈ నాలుగే. ఇంగ్లండ్ వాళ్లకు పెన్సిల్ విషయంలో పుట్టుకతో వచ్చిన అదృష్టం ఒకటుంది. కంబర్లండ్‌లో బారోడేల్ లోయలో, సీత్‌వెయిట్ దగ్గర, రంపంతో పలకలుగా కోసుకునేంత గట్టి, శుద్ధమైన గ్రాఫైట్ గని దొరికింది. దాన్ని కోసి దేవదారు కర్రలో పొదిగితే పెన్సిల్. దొంగతనాలు ఎంత ఎక్కువయ్యాయంటే 1752లో పార్లమెంటు ఏకంగా చట్టమే చేయాల్సి వచ్చింది. ఇంగ్లండ్‌తో యుద్ధం వల్ల ఆ సరుకు ఫ్రాన్స్‌కు ఆగిపోతే, 1795లో కాంటే అనే ఆయన గ్రాఫైట్ పొడిలో బంకమట్టి కలిపి కాల్చే పద్ధతి కనిపెట్టాడు. మట్టి ఎక్కువైతే గట్టిది (హెచ్), తక్కువైతే మెత్తగా నల్లనిది (బీ). ఈ రోజు మన చేతిలో ఉన్న హెచ్, బీ పెన్సిళ్లన్నీ ఆ ఫ్రెంచి పద్ధతివే. కిరాణా కొట్టులో దొరికే మామూలు పెన్సిల్ హెచ్‌బీ పనికి సరిపోతుంది. 4బీ మాత్రం డ్రాయింగ్ పెన్సిళ్ల సెట్టులోంచి తీసుకోండి, లేకపోతే మధ్యలో ఇసుక తగిలినట్టు గీరుకుంటుంది.

రబ్బరు: మైనంలా పిసికే నీడెడ్ ఇరేజర్ ఒకటి కొనండి. రుద్దడానికి కాదు, అద్ది తీయడానికి. 1770 ప్రాంతంలో రబ్బరు ముక్కతో పెన్సిల్ గీతలు చెరపొచ్చని లండన్‌లో తెలిసింది. అంతకుముందు బ్రెడ్డు ముక్కతో చెరిపేవారు, తర్వాత కూడా చాలామంది బ్రెడ్డు వదల్లేదు. నేను ప్రయత్నించాను, పని చేస్తుంది. కాకపోతే మన బేకరీ స్వీట్ బ్రెడ్డు వద్దు, కాగితం జిడ్డవుతుంది. నిన్నటి సాదా బ్రెడ్డు లోపలి మెత్తని భాగం ఉండలా చేసుకుని అద్దాలి.

స్కేలు ఇంట్లోనే వదిలేయండి. ఆ ఇళ్లలో ఒక్కటీ తిన్నగా లేదు.

పెన్సిల్ చెక్కడం, చెయ్యి తిప్పడం

షార్ప్‌నర్ వాడకండి. బ్లేడుతో చెక్కండి, సీసం సెంటీమీటరు బయటికి వచ్చేలా. మొన పొడుగ్గా ఉంటే రెండు పనులు జరుగుతాయి. మొనతో సన్నగీత, పక్కకు వాల్చితే వెడల్పాటి బూడిదరంగు గీత. షార్ప్‌నర్ మొనకు రెండో పని రాదు.

ఇప్పుడు చిత్తుకాగితం మీద రెండేసి సెంటీమీటర్ల గళ్లు మూడు వేసుకోండి. మొదటిది హెచ్‌తో, రెండోది హెచ్‌బీతో, మూడోది 2బీతో నింపాలి. నింపడం అంటే పక్కపక్కనే ఏటవాలు గీతలు, అన్నీ ఒకే వైపు వాలినవి. కుడిచేతి వాటం వాళ్లకు పైన కుడి నుంచి కింద ఎడమకు తేలిగ్గా వస్తుంది. గీతకూ గీతకూ మధ్య కాగితం సన్నగా కనపడుతూనే ఉండాలి. దూరం నుంచి చూస్తే గడి ఒకే బూడిదరంగులో ఉండాలి, ఎక్కడా మచ్చ తేలకూడదు. 1854లో లండన్‌లోని వర్కింగ్ మెన్స్ కాలేజీలో కూలి పని చేసుకునే వాళ్లకు సాయంత్రాలు డ్రాయింగ్ నేర్పిన జాన్ రస్కిన్ కూడా, కలంతో ఇలాంటి గడి నింపడం దగ్గరే కొత్తవాళ్లను మొదలుపెట్టమనేవాడు. విసుగ్గానే ఉంటుంది. అరగంట చేయండి.

వేలితో రుద్ది నునుపు చేయాలని చెయ్యి లాగుతుంది. వద్దు. మొదటిసారి నేను ఒక చర్చి గోడంతా అలాగే రుద్దాను, మే నెల, చేతికి చెమట. గ్రాఫైట్ జిడ్డుతో కలిసి కాగితంలోకి ఇంకిపోయింది. ఇక ఏ రబ్బరుకీ రాలేదు. ఆ గోడ ఇప్పటికీ దోశ పెనంలా ఉంటుంది. ఏటవాలు గీతల మధ్య నుంచి కాగితం తెలుపు తొంగిచూస్తేనే నీడలో కూడా గాలి ఆడినట్టుంటుంది. చేతి కింద ఒక తెల్లకాగితం ముక్క వేసుకుని గీయండి, చెమటా అంటదు.

కంటి మట్టం గీత

కాగితాన్ని అడ్డంగా పెట్టండి. కింది నుంచి మూడో వంతు ఎత్తులో, అంటే అయిదు సెంటీమీటర్ల దగ్గర, హెచ్ పెన్సిల్‌తో కనపడీ కనపడనట్టు అడ్డగీత ఒకటి గీయండి. అది మీ కంటి మట్టం. దాని మీద మధ్యలో కాకుండా ఎడమవైపు మూడో వంతు దగ్గర చుక్క పెట్టండి. వీధి వెంట వెనక్కి పోయే గీతలన్నీ, పైన కప్పుల అంచులు, కింద గోడల పాదాలు, ఆ చుక్క వైపే పోతాయి. చుక్క సరిగ్గా మధ్యలో పెడితే బొమ్మ రైల్వే ప్లాట్‌ఫారంలా వస్తుంది.

వీధి వంపు తిరుగుతుంది కదా, అక్కడేం చేయాలి? వంపు దాటిన ఇళ్లకు చుక్క మారుతుంది. అదే గీత మీద కాస్త పక్కన ఇంకో చుక్క పెట్టుకోండి. చుక్కలు ఎన్నైనా ఉండొచ్చు, గీత ఒక్కటే. ఆ పల్లెల వీధులు ఎవరో ప్లాను వేసి తిన్నగా కొట్టినవి కావు, బండ్లు తిరిగిన దారులు. అందుకే చివర వీధి ఎటు పోయిందో కనపడకుండా ఒక ఇల్లు అడ్డొస్తుంది. ఆ అడ్డం బొమ్మకు మంచిది.

ఈ గీతతో ఇంకో లాభం ఉంది. ఫొటో నిలబడి తీసినదైతే, నేల చదునుగా ఉంటే, వీధిలో నిలబడిన పెద్దవాళ్లందరి తలలూ ఆ గీత దగ్గరే ఉంటాయి. దగ్గరున్న వాళ్లయినా, చివర ఉన్న వాళ్లయినా. దూరమైన కొద్దీ పాదాలు పైకి జరుగుతాయి, తలలు జరగవు. పాత ఇళ్ల గుమ్మాలు పొట్టివి కాబట్టి తలుపు పైకమ్మి కూడా ఆ గీతకు కాస్త పైనే ఉంటుంది. ఏ ఇంటి ఎత్తు అయినా దీంతోనే సరిచూసుకోవచ్చు. ఇంటి గోడ పాదం నుంచి కంటి మట్టం దాకా ఉన్నది ఒక కొలత అనుకోండి. చిన్న రెండంతస్తుల ఇంటికి చూరు ఆ గీత పైన సుమారు రెండు కొలతలు, ఇంటి కొప్పు నాలుగు కొలతలు. దగ్గరి ఇంటికీ ఇదే లెక్క, దూరపు ఇంటికీ ఇదే లెక్క.

ఇళ్ల కంటే ముందు ఆకాశం

ఒక ఇల్లు పూర్తి చేసి, పక్క ఇంటికి వెళ్లి, దాన్నీ పూర్తి చేసి… ఇలా గీస్తే మూడో ఇంటికి కాగితం అయిపోతుంది. ముందు రెండు వైపుల కప్పులకూ మధ్య కనిపించే ఆకాశం ఏ ఆకారంలో ఉందో చూడండి. చిరిగిన గాలిపటంలా ఉంటుంది, పొగగొట్టాల దగ్గర పళ్లు పళ్లుగా. ఆ అంచును హెచ్ పెన్సిల్‌తో చెయ్యెత్తకుండా ఒకే గీతగా, ఎడమ నుంచి కుడికి లాగండి. ఈ ఒక్క గీత కుదిరితే సగం పని అయినట్టే. చర్చి గోపురం కొన కనపడితే అది చివర్లో, సన్నగా.

కప్పుల గీత తిన్నగా లాగకండి. ఆ ప్రాంతంలో కప్పులకు రాతి పలకలు పరుస్తారు. వాటి బరువుకు రెండు మూడు వందల ఏళ్లలో దూలాలు కుంగి, ఇంటి కొప్పు మధ్యలో నవారు వదులైన మంచంలా దిగుతుంది. పలకల్ని వేసే తీరు కూడా గమనించండి. చూరు దగ్గర పెద్దవి, పైకి పోయేకొద్దీ చిన్నవి, కొప్పు దగ్గర అరచేతి సైజువి. మీరు గీసేటప్పుడు చూరు దగ్గర ఒక వరుస, మధ్యలో అక్కడక్కడ నాలుగైదు, అంతే. మిగతాది చూసేవాళ్ల కన్నే పూరించుకుంటుంది. అన్ని పలకలూ గీస్తే చేప పొలుసులా తయారవుతుంది.

కర్ర చట్రం ఇళ్లు వస్తాయి. నిలువు, అడ్డం, ఏటవాలు దుంగలు, మధ్యలో తెల్లటి గోడ. ఆ గోడ మనకు కొత్తది కాదు. తడిక అల్లి, దాని మీద మట్టిలో గడ్డి, పేడ కలిపి మెత్తి, పైన సున్నం కొట్టినదే. దుంగల్ని నల్లగా నింపాలనిపిస్తుంది, కానీ తారు నలుపు పూయడం చాలాచోట్ల విక్టోరియా రాణి కాలంలో, అంటే 1837 తర్వాత, వచ్చిన ఫ్యాషన్. ఓక్ కర్రను దాని మానాన వదిలేస్తే వెండి బూడిదరంగు తిరుగుతుంది. హెచ్‌బీతో లేతగా వేయండి. పై అంతస్తు వీధిలోకి అడుగు రెండడుగులు ముందుకు తోసుకొచ్చిన ఇల్లు ఉంటే మాత్రం దాని కింద నీడకు 4బీ దించండి. బొమ్మ మొత్తంలో బాగా నల్లటి చోట్లు రెండో మూడో ఉండాలి, అందులో ఇదొకటి.

కిటికీ దగ్గర ఆగండి

కొత్తవాళ్ల బొమ్మ చెడేది ఇక్కడే. కిటికీ అనగానే చట్రం గీసి, లోపల కూడిక గుర్తులా రెండు గీతలు కొట్టేస్తారు. అది చిన్నపిల్లల కిటికీ.

దగ్గరి ఇంటి కిటికీ ఒకటి తీసుకోండి. కాగితం మీద సుమారు సెంటీమీటరున్నర ఎత్తు. చట్రం హెచ్‌తో లేతగా. ఇప్పుడు కమ్మీలు గీయొద్దు, అద్దాలు గీయండి. 2బీ మొన సన్నగా చెక్కుకుని, ఒక్కో గాజు పలకను ఒక చిన్న నల్ల గడిగా నింపండి, గడికీ గడికీ మధ్య వెంట్రుకంత తెలుపు వదులుతూ. ఆ వదిలిన తెలుపే కమ్మీ. పగలు వీధిలోంచి చూస్తే ఇంటి లోపల చీకటే కాబట్టి అద్దం నల్లగా కనపడుతుంది, కమ్మీ తెల్లగా. పై వరుస మీద చూరు నీడ పడుతుంది కనుక ఇంకాస్త ఒత్తండి. ఒకటి రెండు గళ్లు పూర్తిగా వదిలేయండి. పాత గాజు ఎగుడుదిగుడుగా ఉండి ఒక్కో పలక ఒక్కో వైపు వంగి ఉంటుంది, అందులో ఒకటి ఆకాశాన్ని చూపిస్తుంది. ఆఖరున కిటికీ గట్టు కింద ముదురు గీత ఒక్కటి. గోడకు మందం వచ్చేస్తుంది.

దూరపు ఇళ్ల కిటికీలకు ఈ తంతు అక్కర్లేదు, పెన్సిల్ మొనతో ఒక నొక్కు చాలు.

వీధిలో ఏదో ఒక ఇంటికి మూసేసిన కిటికీ ఒకటి పెట్టండి. చట్రం ఉంటుంది, లోపల గాజు బదులు గోడ. ఇంగ్లండ్‌లో 1696 నుంచి 1851 దాకా ఇంటికి ఎన్ని కిటికీలుంటే అంత పన్ను. కట్టలేనివాళ్లు, కట్టడం ఇష్టంలేనివాళ్లు ఇటుకలు పేర్చి మూసేశారు. గాజు మీద వేరే పన్ను, అది 1845లో పోయింది. మీ బొమ్మ 1830 నాటి వీధి అనుకుంటే ఈ మూసిన కిటికీ అక్కడ న్యాయంగా ఉండాల్సిందే. గీయడం కూడా సుఖం, ఖాళీగా వదిలేయడమేగా.

ఎండ ఎటు నుంచి

మన వాళ్లు గీసిన ఇంగ్లండ్ వీధిలో నేను మొదట పట్టేసేది నీడ. మన దగ్గర మధ్యాహ్నం నీడ కాళ్ల కింద ముద్దగా పడుతుంది. హైదరాబాద్‌లో జూన్‌లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. లేకాక్‌లో జూన్ 21న కూడా 62 డిగ్రీలకు మించి ఎక్కడు. డిసెంబరులో అయితే మిట్టమధ్యాహ్నమే 15 డిగ్రీలు, మనకు సాయంత్రం నాలుగున్నర ఎండలా. అప్పుడు ఏ వస్తువు నీడైనా దాని ఎత్తుకు మూడున్నర రెట్లు పైనే. అంటే దక్షిణం వైపు ఇళ్ల నీడ వీధి దాటి ఎదుటి గోడ కూడా ఎక్కుతుంది.

ఎండ ఒక వైపు నుంచే అని తీర్మానించుకోండి. చుక్కను ఎడమకు పెట్టాం కాబట్టి కుడి వరుస ఇళ్లు ఎక్కువ కనపడతాయి, ఎండ వాటి మీద పడనివ్వండి. ఆ గోడల్ని అసలు ముట్టుకోకండి. ఎడమ వరుస మొత్తం ఒకే హెచ్‌బీ బూడిదరంగు, మీరు గడిలో నేర్చుకున్నట్టే, తలుపులు కిటికీల మీదుగా ఆపకుండా ఒకే వాలు గీతలతో. తర్వాత దాని మీద చూరు కింద, గుమ్మంలో 2బీ. రోడ్డు మీదికి వచ్చిన నీడ అంచు ఎగుడుదిగుడుగా, కప్పుల ఆకారంలో ఉండాలి. ఫొటోలో మబ్బు పట్టి నీడలే లేకపోతే ఇంకా తేలిక. చూర్ల కింద మాత్రమే ముదురు, మిగతా అంతా లేత.

లేని చెట్లు

ఈ రోజు ఫొటోలో ఉన్న చెట్లను నమ్మకండి. అప్పటి దక్షిణ ఇంగ్లండ్ పల్లె వెనక ఎల్మ్ చెట్లు కొండల్లా నిలబడి ఉండేవి. 1970లలో తెగులు వచ్చి లక్షలాది చెట్లు ఎండిపోయాయి, ఇప్పటి ఫొటోలలో అవి కనపడవు. కాన్‌స్టబుల్ బొమ్మల్లో చూసుకోండి. పొడుగాటి చెట్టు, మీద ఒకటి కింద ఒకటి వానాకాలపు మబ్బు ముద్దల్లాంటి గుంపులు, మధ్యలో నడుము సన్నబడినట్టు ఉంటుంది. ఆకులు గీయొద్దు. పెన్సిల్ వాల్చి పట్టుకుని మూడు వేళ్లతో చిన్న చిన్న వంపు గీతలు, ప్రతి ముద్ద కింది వైపు ముదురు, పైభాగం కాగితం తెలుపే. ఎండలో ఉన్న కప్పు వెనక చెట్టు పడేలా చూసుకుంటే కప్పు అంచును వేరే గీయనక్కర్లేదు, చెట్టు నలుపే దాన్ని కోసి చూపిస్తుంది.

రోడ్డు

తారు తీసేయండి. పసుపు గీతలు, కాలువ మూతలు, చెత్తబుట్టలు తీసేయండి. అప్పటి రోడ్డు కంకర, మట్టి. వాన పడితే బురద, ఎండితే దుమ్ము. మీరు గీయాల్సింది బండి చక్రాల గాడులు రెండు, చుక్క వైపు పోతూ, మధ్యమధ్య తెగిపోతూ. గోడ పాదాల దగ్గర కాస్త గడ్డి. ముందుభాగంలో ఒక మూల అయిదారు అడ్డగీతలు, ఒకటి రెండు రాళ్లు. ఇక చెయ్యి తీసేయండి.

ఇక్కడ అందరికీ చెయ్యి దురద పెడుతుంది. ఇంత ఖాళీ ఉందేమిటి, కుక్కను పెడదామా, కోళ్లను పెడదామా అని. ఒక రోజు ఆగి, మర్నాడు పొద్దున్న చూసి అప్పుడు నిర్ణయించుకోండి.

ఒక మనిషిని మాత్రం పెట్టాలి. ఒక్కరే. ఎవరూ లేని వీధి ప్రశాంతంగా ఉండదు, ఊరు ఖాళీ చేసి పోయినట్టుంటుంది. బుట్ట పట్టుకుని, తలకు బానెట్ అనే టోపీ కట్టుకుని, మనకు వీపు చూపిస్తూ వంపు వైపు నడిచిపోతున్న ఒక ఆడమనిషి. తల కంటి మట్టం గీత దగ్గర, మొత్తం ఎత్తు సెంటీమీటరుకు మించకూడదు. పాదాలు వద్దు, లంగా అంచు కింద చిన్న అడ్డనీడ వేస్తే నేల మీద నిలబడుతుంది. ముఖం మనవైపు తిప్పారంటే మాత్రం చూసేవాళ్లు వీధిని వదిలేసి ఆమెనే చూస్తారు.

పొగగొట్టాల్లో ఒకదానిలోంచి పొగ రావచ్చు. నీడెడ్ ఇరేజర్‌ను దారంలా సాగదీసి, వెనకున్న చెట్టు నలుపు మీద నిలువుగా అద్దండి. పొగ తిన్నగా పైకి లేస్తే గాలి లేదని లెక్క, ఊరంతా సద్దుమణిగినట్టుంటుంది.

కింద రాయాల్సింది

బొమ్మ కింద ఎడమ మూల చిన్న అక్షరాలతో ఊరి పేరు, తేదీ. కాన్‌స్టబుల్ తన పెన్సిల్ బొమ్మల మీద చాలాచోట్ల అలాగే రాసుకున్నాడు. మీ తేదీనే వేయండి. పాతగా కనపడాలని టీ డికాషన్‌లో ముంచడం, అంచులు కాల్చడం లాంటివి వీడియోల్లో చూపిస్తున్నారు. డికాషన్ కాగితాన్ని తొందరగా పాడుచేస్తుంది, పైగా 1830 అని తేదీ వేస్తే అది అబద్ధం కూడా.

ఫొటో చూసి రెండు మూడు వేశాక ఆరుబయట కూర్చుని గీయండి. ఈ ఇంగ్లీషు పద్ధతి మన దాకా వచ్చిన దారి ఒకటి రాజమండ్రిలో ఉంది. 1909లో అక్కడి ఆర్ట్స్ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా వచ్చిన ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా చిత్రకారుడు. రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు ఆయన చూపు పడిన కుర్రవాడే. గోదావరి ఒడ్డు వైపు వెళ్తే రామారావు పేరున్న ఆర్ట్ గ్యాలరీలోకి ఓసారి తొంగిచూడండి, రంగుల బొమ్మలతో పాటు స్కెచ్‌లను కూడా వదలకుండా.

దాచుకోవడం

పెన్సిల్ బొమ్మ వెలుతురుకు వెలవదు, చేతికి మాత్రం చెరుగుతుంది. అప్పట్లో వెన్న తీసిన పాలలో బొమ్మను ముంచి ఆరబెట్టేవారు, గ్రాఫైట్ కదలకుండా. మన ఊళ్లలో ఆ పని చేస్తే చీమలకు విందు, వానాకాలం బూజు. డ్రాయింగ్ షాపుల్లో ఫిక్సేటివ్ స్ప్రే అమ్ముతారు. అడుగు దూరం నుంచి రెండు పల్చటి పూతలు, పూతకూ పూతకూ మధ్య పది నిమిషాలు. కిటికీ తెరిచిపెట్టి కొట్టండి. హెయిర్ స్ప్రే కొడితే చాలని ఎవరైనా చెబితే వినకండి, కొన్నాళ్లకు పసుపు తిరుగుతుంది.

ఫ్రేము కట్టించేటప్పుడు పక్కనే నిలబడండి. నా బొమ్మ ఒకదాన్ని ఫ్రేము కట్టిన కుర్రాడు వెనక నేరుగా ప్లైవుడ్ వేసి, బ్రౌన్ టేపుతో నాలుగు మూలలా అంటించాడు. రెండు వానాకాలాలు గడిచేసరికి టేపు జిగురు ముందుకు ఊరి, నేను అంత కష్టపడి వదిలేసిన ఆకాశంలో నాలుగు గోధుమరంగు మబ్బులు తేలాయి. బొమ్మ చుట్టూ యాసిడ్ లేని మౌంట్ బోర్డు, వెనక కూడా అదే బోర్డు అడగండి. బొమ్మను పై అంచున మాత్రమే రెండు చోట్ల పల్చటి కాగితం పట్టీలతో, పిండి జిగురుతో వేలాడదీయించండి, కాగితం తేమకు సాగినా ముడతపడదు. ఫ్రేము అద్దం బొమ్మకు తగలకుండా మౌంట్ మందం మధ్యలో ఉండాలి. బాత్రూమ్‌ను ఆనుకున్న గోడకు తగిలించకండి. ఫ్రేము కట్టించేదాకా ఒక ఫైలులో, మీద బటర్ పేపర్ కప్పి, బల్లపరుపుగా ఉంచండి.